హెపటైటిస్ సి జీనోటైపులు, కాలేయ ఎంజైములు: ఒక పునఃపరిశీలన

సారాంశం

దీర్ఘకాలిక హెపటైటిస్ సి రోగుల్లో వైరస్ జీనోటైప్‌ను బట్టి ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైమ్ స్థాయి మారుతుందా? పరిశోధనలు దీనికి ఒకే జవాబు చెప్పడం లేదు. ఏఎల్‌టీ ఆనాటి కణనష్టానికి గుర్తు. జీనోటైప్ ప్రభావం కాలేయంలో ఏళ్ల తరబడి పేరుకునే మచ్చలో, అంటే ఫైబ్రోసిస్‌లో, తేలుతుంది. ఈ కాలభేదాన్ని పట్టించుకోకపోవడమే గందరగోళానికి ప్రధాన కారణమని ఈ వ్యాస ప్రతిపాదన.

వైరస్ భేదాలు

1989లో గుర్తించిన ఈ ఆర్‌ఎన్‌ఏ వైరస్ జన్యుపదార్థంలో సుమారు 9,600 న్యూక్లియోటైడ్లుంటాయి. దాని నకళ్లు తీసే పాలిమరేజ్‌కు తప్పులు దిద్దుకునే శక్తి లేదు. అలా పోగైన మార్పులతో జీనోటైపుల మధ్య దాదాపు 30 శాతం తేడా ఏర్పడింది. ఇప్పటికి ఎనిమిది జీనోటైపులు తెలుసు. ఎనిమిదోదాన్ని 2018లో కెనడాలో, పంజాబ్ మూలాలున్న రోగుల్లో వర్ణించారు. ఈజిప్టులో జీనోటైప్ 4దే పైచేయి. భారతదేశంలో 3 అధికం. దక్షిణాదిలో మాత్రం 1 వాటా ఉత్తరాది కంటే ఎక్కువ.

ఎంజైమ్ చెప్పేది

ల్యాబ్ రిపోర్టుల్లో ఎస్‌జీపీటీగా కనిపించేదే ఏఎల్‌టీ. కాలేయ కణం దెబ్బతింటే అది రక్తంలోకి చేరుతుంది. కణాలకు హాని ఎక్కువగా వైరస్ మీద రోగనిరోధక వ్యవస్థ చేసే దాడి వల్లే. ఆ పోరు తీవ్రతను బట్టి ఏఎల్‌టీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సుమారు నాలుగో వంతు రోగుల్లో అది మామూలుగానే ఉంటుంది. మద్యం, ఊబకాయం, మధుమేహం కూడా దాన్ని పెంచగలవు. పైగా ‘మామూలు’ అనే గీత ఎక్కడ గీయాలన్నదే వివాదం: చాలా ల్యాబులు లీటరుకు 40 యూనిట్ల వరకు ఒప్పుకుంటే, ఇటలీ రక్తదాతలను పరిశీలించిన ప్రాటి బృందం 2002లో పురుషులకు 30, స్త్రీలకు 19 చాలన్నది.

జీనోటైప్ 3 ప్రత్యేకత

జీనోటైప్ 1 రోగుల కాలేయంలో కొవ్వు చేరడం ప్రధానంగా ఊబకాయం, ఇన్సులిన్ నిరోధకతలను అనుసరిస్తుంది. జీనోటైప్ 3లో వైరసే కొవ్వు బయటికి వెళ్లే దారికి అడ్డుపడుతుంది. వైరస్ మోతాదు పెరిగితే కొవ్వూ పెరుగుతుంది. వైరస్ పోతే తగ్గుతుంది. ఫైబ్రోసిస్ వేగం, కాలేయ క్యాన్సర్ ముప్పు కూడా ఈ రకంలో ఎక్కువ. అంతమాత్రాన జీనోటైప్ 3 రోగుల్లో ఏఎల్‌టీ ఎక్కువగా కనిపించినా, బరువును, మద్యాన్ని, ఫైబ్రోసిస్ దశను లెక్కలోకి తీసుకోకుండా దాన్ని వైరస్ ఖాతాలో వేయడం తొందరపాటే.

ఒక లెక్క

ఊహకు ఒక అరవై ఏళ్ల రోగిని తీసుకుందాం. మరో కాలేయ ఎంజైమ్ ఏఎస్‌టీ 45, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 1,10,000. ఏఎల్‌టీ ల్యాబు గీత లోపలే ఉంది. ఫైబ్రోసిస్‌ను అంచనా వేసే ఫిబ్-4 సూత్రం ప్రకారం వయసును ఏఎస్‌టీతో గుణించి, వేలల్లో లెక్కించిన ప్లేట్‌లెట్లను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే ఫలితం 4.09. 3.25 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్‌ను అనుమానించాలి. ఏఎల్‌టీ ఒక్కటే చూసి ఉంటే ఈ రోగిని ‘బాగానే ఉన్నాడు’ అని పంపేసేవారు.

ముగింపు

2018లో మొదలైన భారత జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో సిర్రోసిస్ లేనివారికి సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ 12 వారాలు ఉచితంగా ఇస్తారు. అందుకు జీనోటైప్ పరీక్ష తప్పనిసరి కాదు. చికిత్స మొదలుపెట్టడానికి ఏఎల్‌టీ పెరిగేదాకా ఆగనక్కరలేదు. పరిశోధకుడికి మాత్రం రెండూ కావాలి: జీనోటైపు, దానితోపాటు ఒకే రోజు ఏఎల్‌టీకి బదులు నెలల వరస, కొవ్వు, ఫైబ్రోసిస్ కొలతలు. అవి లేని పోలికలో జీనోటైప్ ప్రభావమెంతో, రోగి జీవనస్థితి ప్రభావమెంతో విడదీయలేం.