సి తరగతి గర్భం

పన్నెండో ఏట నాకు షుగరొచ్చింది. ఆ రోజు డాక్టరుగారు అమ్మతో అన్న మాట ఇంకా గుర్తే: ‘‘పెళ్లి చేసినా పిల్లల్ని కననివ్వకండి.’’ ఎదురుగా మంచం మీదున్న నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ ‘వద్దు’ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూనే ఈ చరిత్రలోకి వెళ్లాను.

1922లో ఇన్సులిన్ చికిత్స మొదలయ్యే దాకా నాలాంటి పిల్లలు కాన్పు వయసుకి బతికుండటమే అరుదు. ఇన్సులిన్ వచ్చాక తల్లులు బతికారు. బిడ్డలు మాత్రం, చాలాసార్లు చివరి వారాల్లో, కడుపులోనే పోయేవాళ్లు. హార్వర్డ్ వైద్య కళాశాల ఆడవాళ్లని చేర్చుకోని రోజుల్లో టఫ్ట్స్‌లో చదివిన ప్రిసిల్లా వైట్, 1924లో బోస్టన్‌లో జోస్లిన్ దగ్గర చేరి ఈ తల్లుల్ని తన పనిగా తీసుకుంది. షుగరు ఎన్నో ఏట వచ్చింది, ఎన్నేళ్లయింది, రక్తనాళాలు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి అని చూసి 1949లో గర్భిణుల్ని ఏ నుంచి ఎఫ్ దాకా తరగతులు చేసింది. ఆ లెక్కన నేను ‘సి’. జాతకంలా అనిపించినా, ‘వద్దు’ స్థానంలో ‘ఎంత ప్రమాదం’ అన్న ప్రశ్న వచ్చింది.

ఆమెను దేవతను చెయ్యలేను. గర్భిణులకు స్టిల్బెస్ట్రాల్ వంటి హార్మోన్లిచ్చింది. వాటివల్ల లాభం లేదని 1955లో బ్రిటిష్ పరిశోధన తేల్చింది. ఆ మందు వాడిన తల్లుల కూతుళ్లలో అరుదైన క్యాన్సరు 1971లో బయటపడింది. ఆడవాళ్ల మేలు కోరి చేసిన వైద్యానికీ ఆడవాళ్లే మూల్యం చెల్లించారు.

తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటుతుంది, ఇన్సులిన్ దాటదు. బిడ్డ తానే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని అతిగా బరువెక్కుతుంది, పుట్టగానే చక్కెర పడిపోతుంది. ఇది కోపెన్‌హాగెన్‌లో పీడర్సన్ 1950ల్లో చెప్పిన సంగతి. అంతకన్నా ముందే, మొదటి ఎనిమిది వారాల్లోనే, గుండె, వెన్ను ఏర్పడతాయి. నెల తప్పిందని తెలిసేసరికే అందులో సగం గడిచిపోతుంది. అందుకే గర్భానికి ముందే షుగరు అదుపులోకి రావాలి, కళ్లూ మూత్రపిండాలూ చూపించుకోవాలి, ఫోలిక్ యాసిడ్ మొదలెట్టాలి అంటారు.

సరే, ‘ముందే’ అన్నది ఎవరి చేతిలో ఉంది? అత్తగారింట్లో షుగరు దాచి, బాత్రూములో గడియ వేసుకుని సూది పొడుచుకున్నదాన్ని నేను. మూడో నెలకే ‘‘ఏమన్నా విశేషమా?’’ అని అడిగేవాళ్ల మధ్య ‘‘ఇప్పుడే వద్దు’’ అనే నోరు నాకు లేదు. మొదటి గర్భం పదో వారంలో పోయింది. అప్పుడు గానీ నా భర్తకి నిజం చెప్పలేదు. రెండోసారి ఆర్నెల్లు ఆగాం. రాత్రుళ్లు షుగరు పడిపోతే తనే లేచి చక్కెర నీళ్లు తాగించేవాడు. పాప పుట్టింది.

వైద్యం వందేళ్లలో చాలా దూరం వచ్చింది. కానీ ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో చెప్పే హక్కు లేని ఆడదానికి ఆ వైద్యం ఆలస్యంగానే అందుతుంది. పన్నెండేళ్ల పిల్ల మంచం మీదుంటే, ఆ మాటేదో ముందు ఆ పిల్లతో చెప్పండి.