ఇంగ్లీషు వచనము – ప్రయోజనభేదము

ఇంగ్లీషు వచనమునకు ఉత్తమశైలి యొక్కటియే కలదనియు, అది యలవడినచో ఏ పనికైనను చాలుననియు మన పాఠశాలలలో నొక భ్రమ చిరకాలముగా నున్నది. సెలవు కోరు అర్జీలో సయితము విద్యార్థి డాక్టరు జాన్సనువలె దీర్ఘవాక్యములు కూర్పబూనుట పలుమారులు చూచితిని. జాన్సను శైలి దోషమని నా యభిప్రాయము కాదు. 1750 మొదలు 1752 వరకు వారమునకు రెండుమారులు వెలువడిన ‘రాంబ్లర్’ నీతివ్యాసములకు ఆ గాంభీర్యము తగును. సెలవు చీటికి తగదు.

ఆంగ్లదేశపు న్యాయస్థానముల చరిత్ర ఇందులకు మంచి నిదర్శనము. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట క్రమముగా వ్రాతకు లాటినును, వాదమునకు ఫ్రెంచియు అచ్చట నెలకొనెను. వ్యాజ్యమాడవచ్చిన సామాన్యునకు తనకై పలుకుచున్న న్యాయవాది ఏమనుచున్నాడో తెలియదు. ఈ దురవస్థను మాన్పుటకై 1362లో వాదములు ఇంగ్లీషున జరుపవలెనని శాసనము చేసిరి. వింత యేమనగా, ఆ శాసనమే ఫ్రెంచిలో నున్నది! వ్రాతకు మాత్రము లాటినే నిలిచెను. రాజు లేని కాలమున, 1650లో, అంతయు ఇంగ్లీషున నుండవలెనని విధించిరి గాని 1660లో రాజు మరలి రాగానే ఆ విధి నశించెను. 1731 నాటి చట్టము 1733లో అమలునకు వచ్చిన తరువాతగాని న్యాయస్థానపు వ్రాతలు ప్రజల భాషలోనికి దిగిరాలేదు.

దిగివచ్చియు దస్తావేజుల ఇంగ్లీషు ఇంటి ఇంగ్లీషు కాలేదు. మరణశాసనమును ‘విల్’ అన్న చాలదా? ‘విల్ అండ్ టెస్టమెంట్’ అందురు. మొదటిది దేశ్యము, రెండవది లాటిను సంతతి. ‘గుడ్స్ అండ్ ఛాటెల్స్’ అనునదియు ఇట్టి జంటయే. మన ఆలంకారికులు దీనిని పునరుక్తియని త్రోసివేయుదురు. కాని దస్తావేజు వ్రాయువానికి కావలసినది సొంపు కాదు, ప్రతిపక్షి దూరుటకు సందు లేకుండుట. ఈ మిషతో పెరిగిన పదారణ్యమంతయు అవసరమని మాత్రము నేననను.

శాస్త్రజ్ఞుల యవసరము వేరు. ఒకడు చేసిన ప్రయోగమును మరియొకడు చదివి తిరిగి చేయగలుగవలెను. 1660లో లండనున వెలసిన రాయల్ సొసైటీ చరిత్రను 1667లో ప్రకటించిన థామస్ స్ప్రాట్, పండితుల పలుకుబడికంటె పనివారి, పల్లెవారి, వర్తకుల భాషయే సభ్యులకు మేలుగా దోచెనని చెప్పెను. అలంకారములను నిందించిన ఆయన వాక్యములందే అలంకారములు మెండు, కవి గదా! న్యూటను 1687లో ‘ప్రిన్సిపియా’ను ఐరోపా పండితులకై లాటినున వ్రాసెను, 1704లో ‘ఆప్టిక్స్’ను ఇంగ్లీషున వెలువరించెను. ఇందు చీకటిగది, కిటికీ తలుపున అంగుళములో మూడవవంతు వెడల్పు గల గుండ్రని రంధ్రము, దానియొద్ద నిలిపిన త్రికోణపు గాజు – ఇట్లు వరుసగా చెప్పుచుండును. చదువరి తన ఇంటిలోనే ఆ గదిని కట్టుకొనవచ్చును.

ఇక ప్రభుత్వ కార్యాలయములు. 1940 ఆగస్టులో, జర్మను విమానములు పైబడుచున్న దినములలో, ప్రధానమంత్రి చర్చిల్ నివేదికలను కుదింపుడని ఉత్తరువు పంపెను: ముఖ్యాంశములు చిన్న పేరాలుగా నుండవలెను, చిక్కైన లెక్కలు అనుబంధమునకు పోవలెను. యుద్ధానంతరము ఖజానా శాఖవారి కోరికపై ఎర్నెస్టు గవర్సు అధికారులకై ‘ప్లెయిన్ వర్డ్స్’ రచించెను. 1948లో అది వెలువడెను. ఉత్తరము వ్రాసిన అధికారి పాండిత్యముతో ఆయనకు పని లేదు. దానిని అందుకొన్నవాడు, మరల ఉత్తరము వ్రాసి అడుగనక్కరలేకుండ, తాను చేయవలసినదేమో గ్రహించెనా యనుటయే ఆయన చూచినది.