ఫైర్‌వాల్: కమాండ్ లైన్ ఆజ్ఞల చరిత్ర

కంప్యూటరులోనికి వచ్చునట్టియు, దానినుండి వెడలునట్టియు సమాచార ప్యాకెట్లను, వాని చిరునామా, పోర్టు సంఖ్య, ప్రోటోకాల్ అను లక్షణములనుబట్టి పరీక్షించి, కొన్నిటిని అనుమతించి తక్కినవానిని నిరోధించు ప్రోగ్రామునకు ఫైర్‌వాల్ అని పేరు. ధవళేశ్వరపు ఆనకట్టకడ హెడ్ స్లూయిస్‌ల తలుపులు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు ఉత్తరువు మేరకే నీరు విడుచునట్లు, ఇదియు వ్రాసియిచ్చిన నియమముల మేరకే వర్తించును.

1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ అను, తనంతట వ్యాపించు ప్రోగ్రాము ప్రబలి వేలకొలది యంత్రములను స్తంభింపజేసిన పిదప ఇట్టి వడపోత యావశ్యకత విస్పష్టమయ్యెను. అయినను తొలినాళ్ల ఫైర్‌వాల్ సంస్థల నెట్‌వర్కు ముఖద్వారమున నిలిచినదే కాని, ప్రతి కంప్యూటరునందును నెలకొన్నది కాదు. లినక్స్‌లో 1999 నాటి ఐపీచైన్స్ అను ఫైర్‌వాల్ ఆజ్ఞకు పిమ్మట, 2001లో రస్టీ రస్సెల్ ప్రభృతులు రూపొందించిన ఐపీటేబుల్స్ వెలువడెను. 2014లో దాని తరువాతి తరమగు ఎన్‌ఎఫ్‌టేబుల్స్ లినక్స్ కెర్నల్‌లో చేరెను. ఐపీటేబుల్స్‌కు నియమముల వరుసయే ప్రాణము: సర్వమును నిరోధింపుమను పంక్తి ముందు పడినచో, దాని క్రింద నెన్ని యనుమతులు వ్రాసినను నిరర్థకములే. దూరమునుండి సర్వరును సవరించువాడు, తాను ప్రవేశించు ఎస్‌ఎస్‌హెచ్ మార్గమునకు చెందిన 22వ పోర్టును ముందుగా అనుమతింపక ఇట్టి నియమములు గల స్క్రిప్టును (ఆజ్ఞల ఫైలును) నడిపినచో, తానే వెలుపల చిక్కుకొనును.

2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ అంతర్నిర్మితమై యుండెను గాని, వినియోగదారుడు మేల్కొలుపువరకు నిద్రించుచుండెడిది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వర్మ్ 135వ పోర్టు మార్గమున లోకమును చుట్టివచ్చిన యనంతరము, 2004లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ ద్వారా ఆ ఫైర్‌వాల్‌ను పుట్టుకతోనే జాగృతము గావించి, నెట్‌ష్ అను కమాండ్ లైన్ సాధనపు ఆజ్ఞలకు లోబరచెను. ఏ నూతనాజ్ఞకంటెను ఈ నిర్ణయమే ఘనతరమని చెప్పవలెను; ఏలనన, సామాన్యుడు ఆజ్ఞలు వ్రాయడు. విండోస్ విస్టాతో వచ్చిన నెట్‌ష్ అడ్వ్‌ఫైర్‌వాల్ బయటికి వెడలు ప్యాకెట్లను సైతము నియమించెను; 2012లో విండోస్ 8తో పవర్‌షెల్ ఆజ్ఞలు తోడయ్యెను.

2019 అక్టోబరు 2న నాటి తూర్పు గోదావరి జిల్లా కరపలో ప్రారంభింపబడిన గ్రామ సచివాలయములవలె, ఒకే తీరు కార్యాలయములు వేలసంఖ్యలో నున్న చోట, ప్రతి యంత్రముకడను కూర్చుండి గుర్తులు నొక్కుట దుస్సాధ్యము. ఒక్క స్క్రిప్టు సర్వత్ర ఒకే నియమావళిని నెలకొల్పును. అందలి దోషము సైతము అట్లే సర్వత్ర వ్యాపించును. కావున విండోస్‌లో స్క్రిప్టు నడుపువారు, అమలులోనున్న నియమములను అడ్వ్‌ఫైర్‌వాల్ ఎక్స్‌పోర్ట్ ఆజ్ఞతో ముందుగా ఒక ఫైలునందు భద్రపరచుకొనవలెను.