డిస్‌లెక్సియా: పరీక్ష హాల్ దాకా వచ్చిన హక్కు క్లాస్‌రూమ్‌లోకి ఎందుకు రాలేదు?



దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వైపు మెట్రోలో వెళ్తూ ఒకసారి కిందకి చూడండి. కోచింగ్ సెంటర్ బోర్డులు, ర్యాంకర్ల ఫొటోలతో ఫ్లెక్సీలు, హాస్టళ్లు. ఈ రోడ్డు మొత్తం వేగంగా చదవడం, వేగంగా రాయడం మీదే నడుస్తోంది. మరి తెలివి ఉండి కూడా అక్షరాల దగ్గరే ఆగిపోయే పిల్లల సంగతేంటి? వాళ్ల కోసం మన స్కూళ్లు ఏం చేశాయి? ఈ రోజు ఆ చరిత్ర చూద్దాం.

మొదట 1896కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో సీఫర్డ్ అనే ఊళ్లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టర్ దగ్గరికి పెర్సీ అనే 14 ఏళ్ల అబ్బాయి వచ్చాడు. తెలివైనవాడు, అంకెలతో ఇబ్బందే లేదు. కానీ సొంత పేరునే అక్షరాలు తారుమారు చేసి రాశాడు, తప్పు రాశానని గమనించలేదు కూడా. ఆ డాక్టర్ ఈ కేసుని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 'డిస్‌లెక్సియా' అన్న పేరు 1887 నాటికే జర్మనీలో ఉంది గానీ, అది మెదడు దెబ్బతిన్న పెద్దవాళ్ల గురించి. పిల్లల విషయంలో తొలి రికార్డుల్లో ఒకటి ఇదే.

ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. పాఠాలన్నీ నోటితోనే చెప్తే స్కూల్లో అందరికంటే చురుకైనవాడు వీడే అవుతాడని వాళ్ల టీచర్ అన్నాడట. అంటే లోపం పిల్లాడి తెలివిలో లేదు, పాఠం వెళ్లే దారిలో ఉందని ఆ టీచర్‌కి అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. డిస్‌లెక్సియా ఉంటే శబ్దాన్ని అక్షరంతో కలపడం మెదడుకి కష్టమవుతుంది. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ ఒకటి, పలికేది ఇంకొకటి. తెలుగులో దాదాపు రాసినట్టే పలుకుతాం, ఆ గొడవ తక్కువ. కానీ ఒక్క 'క'కే గుణింతంలో డజను రూపాలు, పైన ఒత్తులు వేరే. ప-వ, మ-య, ఘ-ఝ చూడ్డానికి దగ్గర దగ్గరగా ఉంటాయి. హైదరాబాద్ పిల్లలకి తెలుగు, హిందీ, ఇంగ్లిష్ అని మూడు లిపులు. మూడింట్లోనూ వెనకబడితే ముగ్గురు టీచర్లూ విడివిడిగా 'బద్ధకం' అనే రాస్తారు.

మన ఊళ్లో ప్రత్యేక సంస్థలు లేక కాదు. దిల్‌సుఖ్‌నగర్ వివేకానంద నగర్‌లో ఠాకూర్ హరిప్రసాద్ ఇన్‌స్టిట్యూట్ 1960ల చివరి నుంచే ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ సంస్థ వచ్చింది, ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐఈపీఐడీ. కానీ రెండూ ప్రధానంగా మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టినవి. డిస్‌లెక్సియా పిల్లాడు అందులోకి రాడు, క్లాస్‌లో ఇమడడు. 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలు గుర్తించింది. ఆ ఏడింట్లో ఇది లేదు.

తర్వాత ఏమైందో వరసగా చూడండి. 1996లో మహారాష్ట్ర ఈ పిల్లలకి పరీక్షల్లో సడలింపులు ఇచ్చింది. 2007 డిసెంబర్‌లో 'తారే జమీన్ పర్' వచ్చాక ఇళ్లల్లో ఈ మాట వినపడటం మొదలైంది. 2016 చట్టం వైకల్యాల జాబితాని 21కి పెంచి, లెర్నింగ్ డిజెబిలిటీని చేర్చింది. 2018 కేంద్ర మార్గదర్శకాలతో అర్హత ఉన్నవాళ్లకి రాసిపెట్టే మనిషి, గంటకి 20 నిమిషాల అదనపు టైమ్ ఖాయమయ్యాయి. వైకల్యం 40 శాతం లోపు ఉన్నా రాయడం కష్టమైతే సాయం అందాలని 2021లో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో చెప్పింది. 2022లో దానికీ మార్గదర్శకాలు వచ్చాయి.

గమనించారా? ఎక్కువ భాగం పరీక్ష గురించే! సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, డిజైన్‌లో వదిలేసి రిలీజ్ రోజు ప్యాచ్ వేయడం అన్నమాట. పదో తరగతిలో గంటకి 20 నిమిషాలు దొరికాయి, సరే. అప్పటికే పదేళ్లు 'మొద్దు' అనిపించుకున్న పిల్లాడికి ఆ పదేళ్లు ఎవరిస్తారు?

ఇంకో చిక్కు. ఎనిమిదేళ్లు నిండితేనే సర్టిఫికెట్ అని 2018 నిబంధనలు పెట్టారు. మళ్లీ 14కి, 18కి పరీక్షించాలని వాటిలో రాశారు. అంత చిన్న వయసులో ముద్ర వేయకూడదన్న జాగ్రత్త సరైనదే. కానీ సర్టిఫికెట్ వచ్చాక చూద్దాంలే అంటే ఒకటి, రెండు తరగతులు చేజారిపోతాయి. చదవడం నేర్చుకునేది అప్పుడే కదా!

నిజానికి చట్టం అంతదాకా ఆగమనలేదు. 2016 చట్టం 16వ సెక్షన్ చదవండి. ప్రభుత్వ స్కూలైనా, గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూలైనా ఇలాంటి పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించి, బోధనలో తగిన మార్పులు చేయాలి. ఆ సెక్షన్‌లో సర్టిఫికెట్ మాటే లేదు.

బోధనలో మార్పులంటే ఏంటి? 1930ల్లో అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ ఒక పద్ధతి తయారు చేశారు. అక్షరాన్ని చూడాలి, పలకాలి, వినాలి, వేలితో దిద్దాలి, ఒక్కొక్క శబ్దం చొప్పున, తొందర లేకుండా. మనకి ఇది కొత్తేం కాదు! అక్షరాభ్యాసం రోజు బియ్యంలో వేలు పట్టి దిద్దిస్తాం. వీధిబడిలో ఇసుకలో దిద్దించేవాళ్లు. ఇప్పుడు ఆ ఒక్క రోజు ఫొటో దిగి, మర్నాటి నుంచి నోట్‌బుక్ నింపడమే.

మీ తమ్ముడో, చెల్లో, మీ దగ్గర ట్యూషన్ చదివే పిల్లాడో ఇలా ఇబ్బంది పడుతుంటే స్కూల్లో మూడు విషయాలు అడగండి. జవాబు నోటితో చెప్పనివ్వండి. అందరి ముందు నిలబెట్టి గట్టిగా చదివించకండి. అదనపు టైమ్ బోర్డ్ పరీక్షకే కాదు, స్లిప్ టెస్ట్‌కి కూడా ఇవ్వండి. ఇంట్లో మీ ఫోన్‌లో టెక్స్ట్ టు స్పీచ్ ఆన్ చేసి పాఠం వినిపించండి. వీటిలో దేనికీ డాక్టర్ సంతకం అక్కర్లేదు. తర్వాత పరీక్ష హాల్లో సాయం కావాలంటే ఆ సర్టిఫికెట్ అవసరం, దాని పని కూడా మొదలుపెట్టండి.

పెర్సీ టీచర్‌కి 1896లో ఏ చట్టమూ లేదు. పిల్లాణ్ని గమనించాడు, అంతే. మనకి ఇప్పుడు చట్టం కూడా ఉంది. ఈ ఎపిసోడ్ మీకు తెలిసిన ఒక్క టీచర్‌కి పంపండి.