నంబర్ ప్లేట్ వయసు చెప్తుంది, మీటర్ దూరం దాస్తుంది

కొడకండ్ల రోడ్డు మీద కాసేపు నిలబడి కార్ల నంబర్లు చూడండి. ఏపీ 36, టీఎస్ 03, టీఎస్ 27, టీజీ 27 అన్నీ కనిపిస్తాయి. ఊరు ఒకటే, ప్లేట్లు నాలుగు రకాలు. పాత కారు కొనాలనుకునేవాళ్లకి ఈ ప్లేటే మొదటి చరిత్ర పుస్తకం.

ఏపీ 36 అంటే ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ జిల్లా బండి. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చాక వరంగల్‌కి టీఎస్ 03 ఇచ్చారు. 2016 అక్టోబర్ 11న జనగామ జిల్లా అయింది, టీఎస్ 27 వచ్చింది. 2024 మార్చి నుంచి టీజీ. అంటే ఏపీ 36 బండి ఎంత మెరుస్తున్నా, అది 2014 కంటే కొత్తది కాదు.

సరే, పాత కారు దగ్గర మనోళ్లు అడిగే ప్రశ్న కాలంతో పాటు ఎట్లా మారిందో చూద్దాం.

1980లకు ముందు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి రెండు మూడు కార్లే ఉండేవి. డబ్బు కట్టి ఏండ్లకేండ్లు ఎదురుచూడాలి. అందుకే పాతది దొరికితే చాలనుకునేవాళ్లు. అప్పటి ప్రశ్న: "బండి దొరుకుతదా?"

1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 1991 తర్వాత కంపెనీలు పెరిగినయి, లోన్లు వచ్చినయి. కొత్తవి పెరిగేసరికి పాతవి కూడా మార్కెట్లో పెరిగాయి. అప్పుడు ప్రశ్న మారింది: "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

ఇక్కడే కథ మలుపు తిరిగింది. మీటర్ మీది అంకెకు ధర వచ్చింది కాబట్టి, ఆ అంకెను తగ్గించేవాళ్లూ వచ్చారు. ముందు ముళ్ల మీటర్లు విప్పి తిప్పేవాళ్లు, ఇప్పుడు డిజిటల్ మీటర్‌ని లాప్‌టాప్ పెట్టి మారుస్తున్నారు. మీటర్ 60 వేలు చూపిస్తూ, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, ఏది నిజం? పెడలే. సర్వీస్ రికార్డులో తేదీ, కిలోమీటర్లు వరుసగా రాసి ఉంటాయి, అవి అడగండి. టైముకు ఆయిల్ మార్చుకుంటూ హైవే మీద లక్షన్నర తిరిగిన బండి, లెక్కాపత్రం లేని 60 వేల బండి కంటే నయం.

ఇప్పుడు మూడో ప్రశ్న: "కాగితం మీద ఇంకెన్నేళ్లు ఉంది?" 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండి తనిఖీలో పాసైతే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఏపీ 36 బండ్లలో ఆఖరివాటికి కూడా 2029తో 15 ఏళ్లు నిండుతాయి.

ఇంకోటి, ఢిల్లీ బండ్లు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను 2015లో హరిత ట్రిబ్యునల్ వద్దంది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. దాంతో చాలా బండ్లు తక్కువ ధరకు వేరే రాష్ట్రాలకు చేరాయి. ధర చూసి మురిసిపోవద్దు. అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌వోసీ ఉందా? ఏడాదికి మించి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, ఇక్కడి ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కూడా కలిపితేనే అసలు ధర.

అమ్మే అన్నలకూ ఒక మాట. డబ్బులు చేతికొచ్చినయి కదా అని పేరు మార్పు వదిలేయకండి. ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి.

చివరికి ఒక చిన్న లెక్క. ఒక కారు 2,40,000, కాగితం మీద మూడేళ్లు ఉంది. ఇంకోటి 3,00,000, ఆరేళ్లు ఉంది. మొదటిదానికి ఏడాదికి 80,000 పడుతుంది, రెండోదానికి 50,000. చౌక అనుకున్నదే ఖరీదైంది. అందుకే తమ్ముడూ, ముందు ఆర్సీ చూడు, తర్వాత పెడల్ చూడు, మీటర్ ఆఖరున చూడు. మెకానిక్‌ని వెంట తీసుకపోకుండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వకు.