రెండింటికి షిఫ్టు దిగే వేళ

కుక్క తల కనిపించట్లేదు. మెడ దాకా ప్లాస్టిక్ డబ్బా దిగిపోయింది. కిరాణా కొట్లో బిస్కెట్లు పోసి పెడతారే, ఆ పెద్ద డబ్బా. లోపలంతా ఆవిరి. ఊపిరి వదిలినప్పుడల్లా తెలుపు చిక్కబడుతోంది, పీల్చినప్పుడు పలచబడుతోంది.

నువ్వు భిలాయిలో, ఖుర్సీపార్‌లో, మూతపడ్డ టిఫిన్ హోటల్ వెనక ఎండిన నాలా గట్టు మీద ఉన్నావు. 2021 ఏప్రిల్. ఆరో తారీఖు నుంచి దుర్గ్ జిల్లా మొత్తం కరోనా లాక్‌డౌన్. రెండు కావస్తోంది. చెప్పుల్లోంచి కూడా నేల చురుక్కుమంటోంది. చేతిలో ఫోను. రికార్డింగ్ నడుస్తోంది.

కాలేజీ వాళ్లడిగింది ఐదు నిమిషాల వీడియో. క్రియేటివ్ మీడియా ప్రాజెక్టు, విషయం నీ ఇష్టం. వీధి కుక్కల్ని ఎంచుకున్నావు. గొప్ప ఆలోచనేం కాదు, గుమ్మం దిగితే దొరికేవి అవే. హోటల్ తెరిచి ఉన్న రోజుల్లో ఇడ్లీ ముక్కో, విస్తరి అడుగున సాంబారన్నమో వీటి వాటాకి వచ్చేది. ఇప్పుడు చెత్తకుప్పలో ఎంగిలాకు కూడా లేదు. డబ్బా అడుగున మిగిలిన పొడి కోసం ఇది తల దూర్చింది. పోయినేడు మార్చిలోనే జంతు సంక్షేమ బోర్డు, వీధి జంతువులకు తిండి పెట్టేవాళ్లని ఆపొద్దని రాష్ట్రాలకు రాసింది. ఆ కాగితం నీ ఫోనులో ఉంది. సందు చివర పోలీసు లాఠీ కూడా ఉంది.

కింద నాలాలో కుక్క నాలుగడుగులు వేసి గోడకి కొట్టుకుంది. టక్. వెనక్కి తిరిగి మళ్లీ గోడకే. ముందుకాళ్లు మడతపడ్డాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ఒంట్లో వేడి నోటిగుండా, నాలుకగుండా పోవాలి. ఇప్పుడా నోరు డబ్బాలో ఉంది. వదిలిన ఆవిరినే మళ్లీ పీలుస్తోంది.

దిగుతావా? భయపడ్డ కుక్క ఎవరినైనా కరుస్తుంది. ఒక్కదానివి దిగితే పట్టుకునేదెవరు, డబ్బా కోసేదెవరు? జీఈ రోడ్డు మీద అంబులెన్సు కూత. ఒకటి పోగానే ఇంకొకటి. ఈ నెలలో ఎవరిని పిలుస్తావు, కుక్క కోసం అని?

అప్పుడే బైకుల చప్పుడు. ఫస్ట్ షిఫ్టు దిగింది. ఊరంతా తలుపులు బిగించుకున్నా ఉక్కు ప్లాంటు ఆగదు. కొలిమి చల్లారిందంటే ఇనుము లోపలే గడ్డకడుతుంది. పైగా ఉక్కు కోసం తయారయ్యే ఆక్సిజన్ ఈ నెల ట్యాంకర్లలో ఆసుపత్రులకి పోతోంది. 1959లో మొదటి కొలిమి రగిలిన దగ్గర్నుంచీ ఇక్కడ జనం తిండీ నిద్రా షిఫ్టును బట్టే. శ్రీకాకుళం నుంచి కూలికొచ్చిన మీ తాతది కూడా అంతే.

గేటు పాసు మెడలో వేలాడుతుండగా పక్కింటి మావయ్య బైకు ఆపాడు.

"ఏటమ్మా, ఎండలో ఏటి సేస్తన్నావు?"

నువ్వు చెయ్యి చూపించావు. ఆయన కిందికి చూశాడు. బండి పెట్టెలోంచి తోలు గ్లౌజులు తీశాడు, కటింగ్ ప్లేరు, హాక్సా బ్లేడు ముక్క.

"నాను పట్టుకుంటాను. నువ్వు కొయ్యి. ఈ గ్లౌజులతో నాకు బ్లేడు పట్టు దొరకదు. నీ సున్నీ ఇయ్యి."

"మావయ్యా, వీడియో..."

"ఆ పోను అవతల పెట్టు!"

ఫోనుని ఇటుకకి ఆనించావు. అది జారి వెల్లకిలా పడింది. సరిచేసే టైము లేదు.

ఇద్దరూ కిందికి దిగారు. మావయ్య కుక్క వెనకనుంచి వచ్చాడు. చున్నీ మీద కప్పాడు. భుజాలు అదిమాడు. కుక్క ఒక్కసారిగా లేచింది. ఆయన మోకాలి మీద పడ్డాడు. వదల్లేదు. నోట్లోంచి బూతు.

"లాగకు! మెడ తెగుద్ది. అడుగున కొయ్యి. ముందు గాలాడనీ."

బ్లేడు జారింది. మళ్లీ పెట్టావు. గర్ర్. గర్ర్. చీలిక పడింది. లోపల్నుంచి వేడి గాలి నీ వేళ్లకి తగిలింది. కుళ్లిన వాసన. నల్లటి ముక్కు చీలిక దగ్గరికొచ్చింది. పీల్చింది. ఇంకా పీల్చింది.

ప్లేరు. ఒక కొరుకు. ఇంకోటి. మెడ వైపు. అంచు దళసరి. రెండు చేతులతో నొక్కావు.

పట్.

డబ్బా రెండుగా విచ్చుకుంది. తల తిరిగింది. పళ్లు. మణికట్టు.

అంతే. కుక్క గట్టెక్కి హోటల్ కుళాయి కింద నిలిచిన నీళ్ల మీద పడింది.

నీ చేతిమీద సన్నటి గీత. నెత్తురు రాలేదు. కుక్క నీళ్లు తాగుతోంది, దాని ఎడమ చెవి కొసన కోత ఉంది, మొహం మీద ఎండ పడుతోంది. నువ్వు ఇన్ని రోజులూ వెతికిన షాట్ ఇది. ఫోను వైపు ఒంగావు.

మావయ్య నీ చెయ్యి పట్టుకుని చూశాడు. "సబ్బు. పద."

"చెవి కోశారు కదా మావయ్యా, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తోపాటు రేబిస్ సూది కూడా వేసుంటారు."

"ఎప్పుడేశారో దాన్నడుగు."

సమాధానం లేదు. రేబిస్ ముదిరి బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. గీతే కదా అనుకోవడానికి వీల్లేదు. పదిహేను నిమిషాలు ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. పసుపు వద్దు, కారం వద్దు, కట్టు వద్దు. ఆ తర్వాత సూదులు: ఇవాళ, మళ్లీ మూడు రోజులకి, ఏడు రోజులకి, ఇరవై ఎనిమిది రోజులకి.

అంటే ఆసుపత్రికి పోవాలి. ఈ ఏప్రిల్‌లో. మనుషులకే మంచాల్లేని చోటికి. అమ్మ ఏమంటుందో నీకు తెలుసు. అయినా మాస్కు మీద మాస్కు వేసుకుని బైకెక్కావు. మలుపు దగ్గర మావయ్య గేటు పాసు చూపించాడు, నువ్వు మణికట్టు చూపించావు. వదిలేశారు.

ప్రభుత్వాసుపత్రి వరండా. దూరం దూరంగా గీసిన సున్నపు వలయాల్లో ఒకదాంట్లో నిలబడి ఫోను తెరిచావు. తెరంతా తెల్లటి ఆకాశం, మూలన హోటల్ రేకు అంచు. కుక్క ఎక్కడా లేదు. గొంతులే: బ్లేడు గర్రుమనడం, ఎవరో రొప్పడం, పట్ మన్న చప్పుడు. ప్రాజెక్టు నియమాల్లో 'బొమ్మ స్పష్టంగా ఉండాలి' అని ఉంది.

పక్క వలయంలోంచి మావయ్య మెడ చాచాడు.

"నా తిట్లు వినిపిస్తన్నాయేటి అందులో?"

"అన్నీ."

"తీసెయ్యమ్మా. కాలేజీలో సార్లు ఇంటారు."

"తీస్తే ఇంకేం మిగలదు మావయ్యా," అని, లోపలికి పిలిస్తే చీటీ పట్టుకుని నడిచావు.