హెన్రీ థామస్

హెన్రీ థామస్ (జననం: 1874) అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన నల్లజాతి గాయకుడు, గిటార్, క్విల్స్ వాద్యకారుడు. ‘రాగ్‌టైమ్ టెక్సాస్’ అన్నది ఆయన మారుపేరు. తొలితరం కంట్రీ బ్లూస్ కళాకారుల్లో, రికార్డులకు పాడినవారిలో, వయసు రీత్యా అందరికన్నా పెద్దవారి వరుసలో ఉంటాడు. 1927–29 మధ్య షికాగోలో వోకాలియన్ కంపెనీకి ఇచ్చిన పాటల్లో 23 విడుదలయ్యాయి. బ్లూస్ ఒక రూపానికి రాకముందు టెక్సాస్ పల్లెల్లో నల్లవారు పాడుకున్న పాటలకు ఇవి అరుదైన ఆధారం.

తొలి జీవితం

తూర్పు టెక్సాస్‌లోని బిగ్ శాండీ ప్రాంతంలో థామస్ పుట్టాడు. తల్లిదండ్రులు బానిసత్వం నుంచి విముక్తులైనవారు. పత్తి చేలను పాలుకు చేసేవారు. తొమ్మిదిమంది సంతానంలో ఆయన ఒకడు. పత్తి పని పడక చిన్నతనంలోనే ఇల్లు వదిలి, రైళ్ల వెంట తిరుగుతూ పాటతో పొట్టపోసుకున్నాడు. టెక్సాస్ అండ్ పసిఫిక్, ‘కేటీ’ రైలు మార్గాలు ఆయన తిరుగుళ్లకు ప్రధాన దారులు.

సంగీతం

క్విల్స్ అంటే వెదురు జాతి గడతో చేసిన సన్నని గొట్టాలను పొట్టి, పొడుగు వరుసలో పక్కపక్కన కట్టిన ఊదే వాద్యం. దక్షిణాది నల్లవారిలో ఒకప్పుడు ఇది వాడుకలో ఉన్నా, గ్రామఫోన్ కాలం నాటికి దాదాపు కనుమరుగైంది. దాన్ని రికార్డుల్లో వినిపించిన బహు కొద్దిమందిలో థామస్ ఒకడు. గిటార్ మెడపై బాగా పైకి కాపో (తీగలను అదిమిపట్టే బిగింపు) పెట్టి వాయించేవాడు. దాంతో తీగల మోత బాంజోను తలపించేది. ఆయన పాటల్లో బ్లూస్ కొన్నే. నాట్యపు పాటలు, భక్తి గీతాలు, రాగ్‌టైమ్, పాత వినోద ప్రదర్శనల పాటలు మిగతావి.

రికార్డింగులు

తొలి రికార్డుల్లో ‘జాన్ హెన్రీ’, ‘కాటన్‌ఫీల్డ్ బ్లూస్’ ఉన్నాయి. 1928లో ‘బుల్ డోజ్ బ్లూస్’, ‘ఫిషింగ్ బ్లూస్’ వచ్చాయి. 1929 అక్టోబరులో రికార్డు చేసిన ‘రైల్‌రోడింగ్ సమ్’లో ఫోర్ట్ వర్త్ నుంచి కాన్సాస్ సిటీ, సెయింట్ లూయిస్ మీదుగా షికాగో దాకా స్టేషన్ల పేర్లు వరుసగా పలుకుతాడు, మధ్యమధ్య క్విల్స్ రైలు కూతలా మోగుతాయి. అదే నెలలో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. తరువాత రికార్డుల వ్యాపారం దెబ్బతింది. థామస్ మళ్లీ స్టూడియోకు రాలేదు.

ఆ తరువాతి జీవితం గురించి రూఢి సమాచారం లేదు. మరణ సంవత్సరం కూడా నమోదు కాలేదు. 1949లో హ్యూస్టన్ వీధుల్లో తనకు కనిపించిన ఒక ముసలి గాయకుడు థామసే కావచ్చని జానపద పరిశోధకుడు మాక్ మెక్‌కార్మిక్ భావించాడు.

ప్రభావం

1952లో హ్యారీ స్మిత్ సంకలించిన ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’లో థామస్ పాటలు రెండు చేరాయి. అక్కడి నుంచి కొత్త తరానికి ఆయన పేరు తెలిసింది. 1963లో బాబ్ డిలన్ ఆయన పాటనొకదాన్ని మార్చి పాడి, రచయితలుగా ఇద్దరి పేర్లూ వేశాడు. ‘డోంట్ ఈజ్ మీ ఇన్’ను గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం, ‘ఫిషింగ్ బ్లూస్’ను తాజ్ మహల్ అనే గాయకుడు పాడారు.

అన్నిటికన్నా ఎక్కువమంది విన్నది మాత్రం క్యాన్డ్ హీట్ బృందం 1968లో విడుదల చేసిన ‘గోయింగ్ అప్ ద కంట్రీ’. దాని బాణీ ‘బుల్ డోజ్ బ్లూస్’దే, థామస్ క్విల్స్‌పై ఊదిన వరుసను అందులో ఫ్లూట్‌పై వాయించారు. 1969 నాటి వుడ్‌స్టాక్ సంగీతోత్సవంతో ఆ పాట ప్రపంచమంతా మోగింది. రికార్డుపై రచయితగా ఉన్న పేరు మాత్రం బృంద సభ్యుడు అలన్ విల్సన్‌ది.